క్వాడ్రాజెట్ తీసేసి ఎడెల్‌బ్రాక్ 1406 బిగించాలంటే

1973–86 మధ్య వచ్చిన షెవ్రొలే సీ10 పికప్ ట్రక్కుల్లో 350 వీ8 ఇంజిన్ ఉంటే, దాని మీద చాలావరకు రోచెస్టర్ క్వాడ్రాజెట్ కార్బ్యురేటరే (గాలినీ పెట్రోలునూ కలిపి ఇంజిన్‌కు ఇచ్చేది) కనిపిస్తుంది. అదేమీ చెడ్డది కాదు. థ్రాటిల్ షాఫ్టు (గాలి దారిని తెరిచి మూసే బ్లేడ్లు తిరిగే కడ్డీ) అరిగి పక్కలనుంచి గాలి లాగనంతవరకు రిపేరు కిట్ వేసుకుని వాడుకోవడమే చవక. షాఫ్టు వదులైపోయాకే కొత్తది, అంటే ఎడెల్‌బ్రాక్ కంపెనీ 1406 లాంటి కార్బ్యురేటర్, కొనే ఆలోచన చేయాలి.

ఎంత పెద్దది కావాలన్న దానికి లెక్క ఉంది. ఇంజిన్ క్యూబిక్ అంగుళాలను గరిష్ఠ ఆర్‌పీఎంతో గుణించి 3456తో భాగించాలి. 350 ఇంజిన్‌కు 5000 ఆర్‌పీఎం వేసుకుంటే 506 వస్తుంది. మామూలు ఇంజిన్ ఏదీ సిలిండర్లను పూర్తిగా నింపుకోదు కాబట్టి అందులో 80–85 శాతం తీసుకుంటే 400–430 సీఎఫ్ఎం (నిమిషానికి లాగే గాలి, ఘనపుటడుగుల్లో) చాలు. 1406 సామర్థ్యం 600. సరుకులు మోసే బండికి 750 ఎందుకు కొంటారో మరి! కింది స్పీడులో పికప్ పోవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు ఒకటి చూసుకోవాలి. 1975, అంతకు ముందు మోడల్ పెట్రోలు బండ్లకు స్మాగ్ చెక్ (పొగ తనిఖీ) లేదు. 1976 నుంచి వచ్చినవాటికి ఆ రాష్ట్రం అనుమతి నంబరు ఉన్న కార్బ్యురేటరే పెట్టాలి. ఇక ఇంజిన్ కంప్యూటర్‌కు కలిపిన క్వాడ్రాజెట్ అయితే దాన్ని ఒక్కదాన్నే పీకేస్తే సరిపోదు. ఇగ్నిషన్ టైమింగ్ కూడా కంప్యూటర్ చేతిలోనే ఉంటుంది కాబట్టి డిస్ట్రిబ్యూటర్‌ను కూడా వాక్యూమ్ అడ్వాన్సు (ఇంజిన్ లాగే గాలితో టైమింగ్ సర్దే ఏర్పాటు) ఉన్నదానికి మార్చాలి.

ఎక్కువమంది ఇబ్బంది పడేది అడుగున. క్వాడ్రాజెట్‌కు ముందు రంధ్రాలు చిన్నవి, వెనకవి బాగా పెద్దవి. 1406లో ముందు, వెనక రంధ్రాల మధ్య అంత తేడా ఉండదు. పాత మానిఫోల్డ్ (కార్బ్యురేటర్ కూర్చునే, సిలిండర్లకు గాలి పంచే భాగం) మీద దీన్ని నేరుగా పెడితే వెనక మూలలు మూసుకోవు, ఇంజిన్ అక్కడినుంచి గాలి లాగుతుంది. అందుకే మధ్యలో అడాప్టర్ ప్లేటు, దానికి పైనా కిందా కొత్త ప్యాకింగులు. మానిఫోల్డ్ మీద పాత ప్యాకింగు గీకేటప్పుడు రంధ్రాల్లో గుడ్డ కుక్కండి. నట్లు ఎదురుమూలలుగా, కొంచెం కొంచెంగా, 5–7 ఫుట్ పౌండ్ల వరకే బిగించాలి. గట్టిగా లాగితే అల్యూమినియం అడుగు వంగి, ఆపుదామనుకున్న లీకు మీరే తెచ్చుకున్నట్టవుతుంది. బిగించాక థ్రాటిల్‌ను చేత్తో పూర్తిగా తెరిచి చూడండి. బ్లేడు అడాప్టర్ అంచుకు తగిలి ఇరుక్కుంటే రోడ్డు మీద యాక్సిలరేటర్ వెనక్కి రాదు.

పెట్రోలు ప్రెషర్ 6.5 పీఎస్ఐ దాటకూడదు. దాటితే పెట్రోలు రాకను ఆపే నీడిల్ దాన్ని ఆపలేక ఓవర్‌ఫ్లో అవుతుంది. గేజి పెట్టి కొలిచి, ఎక్కువుంటే రెగ్యులేటర్‌తో 5.5కు తేవాలి. పాత స్టీలు పైపు కొత్తదాని ఇన్‌లెట్‌కు కలవదు. రబ్బరు ముక్క వేయాల్సి వస్తే ఇథనాల్ తట్టుకునే ఫ్యూయల్ హోసే, అదీ వీలైనంత పొట్టిగా. గాజు ఫిల్టర్లు వేడి ఇంజిన్ మీద వద్దే వద్దు.

ఎలక్ట్రిక్ చోక్‌కు ఇగ్నిషన్ ఆన్ చేసినప్పుడు మాత్రమే వచ్చే నిండు 12 వోల్టులు కావాలి. కాయిల్ దగ్గరినుంచి వైరు లాగితే చోక్ పూర్తిగా తెరుచుకోకపోవచ్చు, ఇగ్నిషనూ బలహీనపడుతుంది. డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ గొట్టం ఏ ముక్కుకు పెట్టాలో తెలియకపోతే ఇంజిన్ స్లోలో ఉండగా వేలు ఆనించండి. అప్పుడే లాగేది మానిఫోల్డ్ వాక్యూమ్, థ్రాటిల్ తెరిచాకే లాగేది పోర్టెడ్. బండికి మొదట ఏది ఉందో అదే ఇవ్వండి. మిగిలిన ముక్కులకు రబ్బరు మూతలు తప్పనిసరి.

ఆటోమేటిక్ గేర్‌బాక్సు 700ఆర్4 అయితే ఇక్కడ తొందర పనికిరాదు. దాని టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ థ్రాటిల్ ఎంత తెరుచుకుందో లోపలి ప్రెషర్‌కు చెబుతుంది. కొత్త లివర్ మీద కేబుల్ పట్టే చోటు కొంచెం మారినా ప్రెషర్ తగ్గి క్లచ్‌లు జారతాయి, కాసేపట్లోనే కాలిపోతాయి. కార్బ్యురేటర్ ఖరీదుకు ఎన్నో రెట్లు గేర్‌బాక్సుకు పోతుంది. ఈ గేర్‌బాక్సు కోసమే అమ్మే కరెక్షన్ బ్రాకెట్ వేసి, థ్రాటిల్ నిండుగా తెరిచినప్పుడు కేబుల్ కూడా చివరిదాకా వచ్చేలా సర్దాలి. టీహెచ్350 గేర్‌బాక్సు కేబుల్ కిక్‌డౌన్‌కు (యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే కింది గేరుకు మారడానికి) మాత్రమే కాబట్టి అంత ప్రమాదం లేదు.

ట్యూనింగు ఇంజిన్ బాగా వేడెక్కి, చోక్ పూర్తిగా తెరుచుకున్నాకే. రెండు మిక్చర్ స్క్రూలనూ మెల్లగా మూసి, ఒకటిన్నర చుట్టు వెనక్కి తిప్పండి. వాక్యూమ్ గేజి ముల్లు ఎక్కడ ఎక్కువగా నిలబడుతుందో అక్కడ ఒక్కొక్కటీ ఆపాలి. స్క్రూ పూర్తిగా మూసినా ఇంజిన్‌లో మార్పు రాకపోతే థ్రాటిల్ ఎక్కువ తెరిచి ఉందని అర్థం. టైమింగూ గాలి లీకూ సరిచూడకుండా స్పీడు స్క్రూతో నెట్టుకొస్తే ఇలాగే అవుతుంది.

1406తో వచ్చే ఆరెంజ్ స్ప్రింగులు వాక్యూమ్ 5 అంగుళాలకు (గేజి మీద పాదరసం అంగుళాలు) పడిపోగానే మీటరింగ్ రాడ్లను, అంటే పెట్రోలు రంధ్రాల్లో ఉండే సన్నని కడ్డీలను, పైకి లేపి పెట్రోలు పెంచుతాయి. స్లోలో వచ్చే వాక్యూమ్‌లో సగానికి మించిన స్ప్రింగు ఉండకూడదు. 16 అంగుళాలు వచ్చే మామూలు ఇంజిన్‌కు ఇవి చాలు. క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్టు) మార్చి 8కి పడిపోయిన ఇంజిన్‌లో థ్రాటిల్ కొంచెం తెరిచినా రాడ్లు తొందరగా లేచి పెట్రోలు ఎక్కువవుతుంది, అప్పుడు పసుపు రంగువి, అంటే 4 అంగుళాలవి వేయాలి. ఒకే స్పీడులో పోతుంటే బండి ఆగి ఆగి లాగినట్టుంటే మాత్రం రాడ్లే సన్నవి కావాలి. దానికి కార్బ్యురేటర్ విప్పక్కర్లేదు. పైన రెండు చిన్న మూతలు, మూతకు ఒక్కో స్క్రూ. మూత వదులు చేసేటప్పుడు వేలితో నొక్కి పట్టుకోండి. లేకపోతే కింది స్ప్రింగు ఎగిరిపోతుంది.