రసమట్టం లేకుండా బస్సెక్కొద్దు

ఒంగోలు నుంచి నెల్లూరు 120 కిలోమీటర్ల దారి. టంగుటూరు, సింగరాయకొండ, కావలి మీదుగా ఎన్నిసార్లు తిరిగినా పట్టించుకోని రోడ్డు అది. ఒళ్లో ప్లైవుడ్ పెట్టె పెట్టుకుని కూర్చుంటే మాత్రం ఏ వంతెన దగ్గర ఎంత ఎత్తేస్తుందో మోకాళ్లకే తెలుస్తుంది. పెట్టెలో ఉన్నది నెల్లూరు పోటీకి తీసుకెళ్తున్న మా పిల్లల చైన్ రియాక్షన్ మెషీన్‌లో ఒక భాగం. గోలీ దొర్లి పలకను పడగొట్టాలి, పలక పడి తాడు లాగాలి, తాడు బరువును వదలాలి. అలా 20 మెట్లు దాటి చివరికి కుండీలోని మొక్కకు నీళ్లు పోయాలి. అంతా రెండు నిమిషాల్లో అయిపోవాలి. మధ్యలో మనిషి చెయ్యి తగిలితే మార్కులు కోస్తారు.

బస్టాండులో పేచీ లగేజీ దగ్గరే మొదలైంది. నాలుగు పెట్టెలకు కలిపి మనిషి టికెట్‌కు దగ్గర దగ్గరగా కట్టించుకుని, ఆపైన డిక్కీలో పడెయ్యమన్నారు. పడెయ్యడానికి అవేం ఉల్లిపాయల బస్తాలు కావు. చివరికి పెట్టెలు సీట్ల మధ్యకే వచ్చాయి. ఇలాంటి సామానుతో వెళ్లేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. వెనక చక్రాల మీద, వాటి వెనక ఉన్న సీట్లలో ఎగురుడు ఎక్కువ. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ నడిమధ్య సీట్లు అడగండి, తేడా మీకే తెలుస్తుంది.

పక్క సీట్లో చీమకుర్తి ఆయన కూర్చున్నాడు. గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలో లోడింగ్ పని అట.

"ఏంది అబ్బయ్యా అందులో? గాజు సామానా?"

"మార్కాపురం పలకలన్నా," అన్నాడు మా పదో తరగతి కుర్రాడు.

"పండబెట్టారా, నిలబెట్టారా?"

"నిలబెట్టాం."

"అదీ! మేం ఎంత చిన్న స్లాబైనా పండబెట్టి లారీ ఎక్కించం. పండబెడితే నడుం దగ్గర ఇరుగుద్ది. మధ్యలో ఏం పెట్టారు?"

థర్మాకోల్ అని చెబితే ఆయన తల అడ్డంగా ఊపాడు. "అది కొంచెం దూరం పోయేసరికి అణిగిపోద్ది. అణిగితే సందొస్తది, సందొస్తే ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి. చెక్క చీలికలు బిగించండి."

బల్ల కాళ్ల కింద పెట్టడానికి తెచ్చుకున్న ప్లైవుడ్ చీలికలు ఉండనే ఉన్నాయి. ఆయనే పెట్టె మూత తీయించి, ఎక్కడ ఎంత బిగించాలో వేలితో నొక్కి చూపించాడు. రాయి నొక్కుడుకు బాగా ఓరుస్తుంది, వంపుకు ఓర్వదు. పండబెట్టిన పలక కుదుపు కుదుపుకూ మధ్యలో వంగాలని చూస్తుంది. నిలబెడితే ఆ వంపును దాని వెడల్పంతా కలిసి ఆపుతుంది. పుస్తకంలో ఒక పేజీ పట్టే సంగతి, రోజూ రాళ్లు మోసే మనిషి నోట రెండు మాటల్లో వచ్చేసింది. కావలి దాకా పిల్లలు ఆయన్ను వదల్లేదు.

ఈ పోటీలకు పలకలు ఎందుకంటే, పడే ముక్కల వరసలో ఒక్కో ముక్క తనకంటే ఒకటిన్నర రెట్లు పెద్దదాన్ని పడగొట్టగలదు. లోర్న్ వైట్‌హెడ్ అనే భౌతిక శాస్త్రవేత్త 1983లో దీన్ని చేసి చూపించారు. 5 సెంటీమీటర్ల ముక్కతో మొదలుపెడితే ఏడున్నర, పదకొండు, పదిహేడు, ఐదో ముక్కకే పాతిక సెంటీమీటర్లు. ఆకారం అలాగే ఉంచితే బరువు ఒక్కో మెట్టుకూ మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. ఇక్కడే చాలా జట్లు దెబ్బతింటాయి. ఎత్తు పెంచుతారు, మందం పెంచరు. ఈ పడే ముక్కల్నే డామినోలంటారు. మామూలు డామినో ఎత్తు 48 మిల్లీమీటర్లు, మందం ఏడున్నర. అంటే మందం ఎత్తులో ఆరో వంతు. పాతిక సెంటీమీటర్ల పలకకు కింద 4 సెంటీమీటర్ల వెడల్పు చెక్క అరాల్డైట్‌తో అతికించకపోతే సీలింగ్ ఫ్యాన్ గాలికే పడిపోతుంది.

కావలి దాటాక పిల్లలకు రూబ్ గోల్డ్‌బర్గ్ గురించి చెప్పాను. 1883లో పుట్టి 1970లో పోయిన అమెరికన్ కార్టూనిస్టు. చదివింది ఇంజనీరింగ్, కొన్నాళ్లు శాన్‌ఫ్రాన్సిస్కోలో నీళ్లూ మురుగు కాలువల శాఖలో పని కూడా చేశాడు. చిన్న పనికి పెద్ద యంత్రాన్ని బొమ్మ గీయడం ఆయన ప్రత్యేకత. ఆయన పేరుతో పర్డ్యూ విశ్వవిద్యాలయంలో 1949లో విద్యార్థి సంఘాల మధ్య మొదలైన పోటీ 1955లో ఆగి, 1983లో మళ్లీ లేచి, 1988 నుంచి దేశమంతటికీ పెరిగింది. బొమ్మలో గీసిన యంత్రం ఎప్పుడూ ఆగదు, బల్ల మీదది ఆగుతుంది. ఎంత తరచుగా ఆగుతుందో ఫోన్ క్యాలిక్యులేటర్లో చూడమన్నాను. ఒక్కో మెట్టు నూటికి 95 సార్లు పనిచేస్తే, 20 మెట్లూ వరసగా పనిచేసే అవకాశం నూటికి 36 మాత్రమే. 99 సార్లు పనిచేస్తే 82. పిల్లలు నోళ్లు తెరిచారు. అందుకే మొత్తం మెషీన్‌ను పదేపదే నడపడం కన్నా, ఒక్కో మెట్టును విడిగా యాభై, వంద సార్లు నడిపి లెక్క రాసుకోవడం మేలు. వీడియో కోసం మెషీన్ ఒక్కసారి నడిస్తే చాలు. పోటీలో నడవాలంటే ఈ లెక్క తప్పదు.

మెట్టు ఎందుకు ఆగుతుందంటే చాలాసార్లు బలం చాలకే. 5 గ్రాముల గోలీ 10 సెంటీమీటర్లు దిగితే వచ్చే శక్తి జౌలులో రెండొందలో వంతు. అదే అర కిలో బరువు 30 సెంటీమీటర్లు పడితే దాదాపు ఒకటిన్నర జౌలు, దానికి 300 రెట్లు. కాబట్టి గోలీతో పని చేయించకూడదు, గోలీతో తాళం తీయించాలి. పని చేసేది ముందే పైకెత్తి పెట్టిన బరువో, సాగదీసిన రబ్బరో కావాలి. తాళం తీయడానికి ఎంత బలం కావాలో స్ప్రింగ్ త్రాసుతో లాగి చూసి, దానికి మూడింతలు అందేలా పెట్టుకుంటే కుదుపులు, చెమ్మ, దుమ్ము అన్నిటికీ సరిపోతుంది.

నెల్లూరులో దిగగానే భోజనం. నెల్లూరు కదా అని చేపల పులుసు చెప్పాం. ఒక్క ముక్క ధర ఒంగోలులో ఫుల్ మీల్స్‌కు సరిపోయేది! పులుసులో మామిడికాయ పులుపు బాగా పట్టింది, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ బిల్లు చూశాక పిల్లల్ని పెరుగన్నంతో సరిపెట్టుకోమనడం నాకు బాధేసింది.

హాల్లో అసలు పని మొదలైంది. వాళ్లిచ్చిన ఆరడుగుల బల్లకు ఈ చివరికీ ఆ చివరికీ సెంటీమీటరున్నర తేడా. బల్ల మీద రసమట్టం, అంటే స్పిరిట్ లెవెల్, పెడితే బుడగ గీత దాటి అంచుకు పోయి కూర్చుంది. నిర్వాహకులతో వాదన అనవసరం, బల్లలన్నీ అంతే. గోలీలకు మేం వాడేది కరెంటు వైరింగ్ కేసింగ్ పట్టీ. దాన్ని మీటరుకు ఒక సెంటీమీటరు వాలులో పెట్టినవాళ్ల గోలీలు ఇలాంటి బల్ల మీద మధ్యలో ఆగిపోతాయి. 3 సెంటీమీటర్లు ఉంచితే బల్ల ఎటు వాలినా నడుస్తుంది. 5 దాటితే మలుపు దగ్గర గోలీ ఎగిరి బయట పడుతుంది. ముందు కాళ్ల కింద చీలికలు పెట్టి బల్ల మట్టం చేయాలి, ఆ తర్వాతే పెట్టె విప్పాలి. రెండో బల్లను మొదటిదాని ఎత్తుకు తేవడానికి తాపీ మేస్త్రిల సన్న నీళ్ల గొట్టం వాడాం. గొట్టంలో ఒక్క గాలి బుడగ ఉన్నా మట్టం తప్పు చూపిస్తుంది, కాబట్టి నిదానంగా నింపాలి.

మెషీన్‌ను రెండడుగుల చదరాలుగా, 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ మీద కట్టాం. చదరానికీ చదరానికీ మధ్య రెండు చెక్క మేకులు, రెండు రెక్కల నట్లు. మేకులు లేకుండా నట్లే ఉంటే బిగించిన ప్రతిసారీ మిల్లీమీటరు అటూ ఇటూ జరుగుతుంది, గోలీ పట్టీ అతుకు దగ్గర ఆ మిల్లీమీటరు చాలు కొంప ముంచడానికి. నూలు దారం ఎక్కడా వాడలేదు. సముద్రం దగ్గరి ఊళ్ల చెమ్మకు నూలు బిగుసుకుంటుంది, ఫ్యాన్ కింద ఆరితే వదులవుతుంది. గాలానికి వాడే తంగూసు చెమ్మను పెద్దగా పట్టించుకోదు. కాకపోతే బరువుకు సాగుతుంది కనుక, ముందు రాత్రంతా అదే బరువు వేలాడదీసి సాగనివ్వాలి.

ఒక పరుగుకూ ఇంకో పరుగుకూ మధ్య పది నిమిషాలే. సర్దడం మొదటి మెట్టు నుంచి చివరికి వెళ్లాలి. పొరపాటున ఏదైనా పడితే దాని తర్వాతి మెట్లు ఇంకా సర్దలేదు కాబట్టి నష్టం అక్కడితో ఆగుతుంది. డామినోల వరసలో ప్రతి 20కి మూడు ముక్కల ఖాళీ వదిలి, వాటిని అన్నిటికన్నా చివర నింపాలి. ఎలుకబోను స్ప్రింగులకూ, ఎత్తిన బరువులకూ ఎర్ర రిబ్బను కట్టిన పిన్నులు గుచ్చి ఉంటాయి. మొత్తం 11. ఒకమ్మాయి పని అవి లాగి స్టీలు గ్లాసులో వేయడమే. గ్లాసులో 11 పడిందాకా ఎవరూ గోలీ ముట్టుకోరు. ఆ అమ్మాయి ఒక్కో పిన్నూ వేస్తూ పైకి లెక్కపెడుతుంటే పక్క జట్టువాళ్లు కూడా ఆగి చూశారు.

రెండో పరుగు ఎక్కడా ఆగకుండా నడిచింది. మొదటి దాంట్లో ఒకే ఒక్కసారి చెయ్యి పెట్టాల్సి వచ్చింది, వంట సోడా దగ్గర. ఉదయగిరి చెక్క గరిటె వాలి 5 గ్రాముల సోడా 70 మిల్లీలీటర్ల వెనిగర్‌లో పడితే, సీసా మూతికి తొడిగిన బెలూను ఉబ్బి మీటను తోస్తుంది. 5 శాతం వెనిగర్‌కు ఆ కొలత సరిగ్గా సరిపోతుంది, దాదాపు ఒకటిన్నర లీటరు గ్యాసు పుట్టాలి. కానీ హాల్లోని చెమ్మకు సోడా గరిటెకు అంటుకుపోయి సగమే జారింది.

తిరుగు ప్రయాణం పినాకిని రైల్లో. సీట్ల కింద పెట్టెలు హాయిగా పట్టాయి, కుదుపూ తక్కువ. సోడాను పెనం మీద వేడిచేసి ఆరబెడదామని ఒకడన్నాడు. అది వద్దు. వేడికి వంట సోడా చాకలి సోడాగా మారుతుంది, అప్పుడే సగం గ్యాసు ఎగిరిపోతుంది కాబట్టి సీసాలో పుట్టేది మిగతా సగమే. 5 గ్రాముల చొప్పున తూచి టిష్యూ కాగితంలో పొట్లాలు కట్టి, మందుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ సంచులతో కలిపి బిగుతు మూత డబ్బాలో ఉంచాలి. పొట్లం మొత్తం ఒకేసారి జారుతుంది, కాగితం తడిసి విచ్చుకోవడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. రెండు నిమిషాల లెక్కలో ఆ సెకన్లకు చోటుంది.