సలుపు, పోటు, మంట

2022 నవంబరులో హైదరాబాదులో నా కుడి ఊపిరితిత్తి పైభాగాన్ని ఆపరేషన్ చేసి తీసేశారు. దానికి పదమూడేళ్ల ముందు, 2009లో, నాకు క్షయ వచ్చింది. ఆ రోజుల్లో డాట్స్ పద్ధతిలో రోజు విడిచి రోజు మాత్రలు మింగించేవారు. ఆరు నెలలు ఒక్క మోతాదు కూడా తప్పకుండా వాడాను, నయమైంది. జబ్బు పోయినా అది తొలిచిన గుంట మాత్రం ఊపిరితిత్తిలో అలాగే మిగిలిపోయింది. గాలిలో ఎప్పుడూ ఉండే ఆస్పర్‌జిల్లస్ అనే బూజు ఆ గుంటలో చేరి, పెరిగి, నిమ్మకాయంత ఉండ కట్టింది. మిర్యాలగూడ దగ్గర మా ఉన్నత పాఠశాలలో తొమ్మిదో తరగతికి తెలుగు పాఠం చెబుతుండగా దగ్గు తెర వచ్చి చేతిరుమాలులో రక్తం కనిపించేదాకా ఆ సంగతి నాకు తెలియదు. రెండోసారి టీ గ్లాసు నిండా పడింది. మందులతో కరిగేది కాదనీ, ఒక్కసారిగా ఎక్కువ రక్తం పోతే ప్రాణానికే ముప్పనీ, ఆ భాగాన్ని తీసేయడమే సరైన మార్గమనీ డాక్టర్లు చెప్పారు. నేను ఖర్చు గురించి అడిగాను, సెలవు ఎంతకాలం పెట్టాలో అడిగాను, మళ్లీ పాఠం చెప్పగలనా అని పదిసార్లు అడిగాను. నొప్పి గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

కాలు విరిగితే కట్టు కట్టి కదపకుండా ఉంచవచ్చు. పక్కటెముకలకు అలాంటి విశ్రాంతి లేదు. ఊపిరి తీసిన ప్రతిసారీ అవి లేవాలి, దిగాలి. నా వీపు మీద భుజపుటెముక కింద మొదలైన కోత చంక కిందుగా రొమ్ము వైపు తిరిగింది. వీపు కండరాన్ని కోసి, రెండు పక్కటెముకల మధ్య ఉక్కు పరికరం పెట్టి, లోపల పని చేయడానికి వీలుగా వాటిని ఎడం చేశారు. ప్రతి పక్కటెముక అడుగు అంచునా ఒక సన్నని గాడి ఉంటుందనీ, అందులో ఒక నరం వీపు నుంచి ముందు వైపుకు పోతుందనీ, ఎముకలను ఎడం చేసినప్పుడు ఆ నరం నలుగుతుందనీ సర్జన్ గారు నా ఎక్స్‌రే కవరు వెనక బొమ్మ గీసి చూపించారు. అది డిశ్చార్జి రోజున. ఆ బొమ్మ ఆపరేషన్‌కు ముందే చూసి ఉంటే నేను చాలా విషయాల్లో వేరేగా నడుచుకునేదాన్ని.

మొదటి రెండు రోజులు పెద్దగా బాధ తెలియలేదు. వెన్నులో దారమంత సన్నని ఎపిడ్యూరల్ గొట్టం అమర్చి, అందులోంచి మందు కొద్దికొద్దిగా పోయే ఏర్పాటు చేశారు. రొమ్ము చుట్టూ ఒక పట్టీ మేర ఒళ్లు మొద్దుబారి ఉండేది. కుడి భుజంలో మాత్రం బరువైన తీపు ఒకటి పట్టుకుని ఉండేది. కోత లేని చోట నొప్పేమిటని కంగారు పడితే, ఊపిరితిత్తుల అడుగున ఉండే డయాఫ్రమ్ అనే కండరానికి పోయే నరం మెడ దగ్గర నుంచి బయలుదేరుతుంది గనుక లోపలి రాపిడి భుజంలో నొప్పిగా తెలుస్తుందనీ, ఎపిడ్యూరల్ మందు దాని దాకా అందదనీ చెప్పారు. పక్క నుంచి రెండు గొట్టాలు బయటికి వచ్చి, మంచం కింద నీళ్లున్న సీసాలలోకి దిగేవి. నా ఊపిరితో పాటు ఆ గొట్టంలో నీరు లేచేది, దిగేది. దగ్గితే సీసాలో బుడగలు వచ్చేవి. ఊపిరితిత్తి నుంచి గాలి కారుతున్నంత కాలం బుడగలు వస్తాయనీ, అవి ఆగాకే గొట్టాలు తీస్తామనీ అన్నారు. గంటల తరబడి మంచం అంచు మీంచి ఆ బుడగలనే చూస్తూ పడుకునేదాన్ని.

రెండో రాత్రి నన్ను పక్కకు తిప్పి దుప్పటి మారుస్తున్నప్పుడు ఎపిడ్యూరల్ గొట్టం ఊడిపోయింది. ఎవరూ గమనించలేదు. తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి ఊపిరి సగం దాకా వెళ్లి, అక్కడ కత్తి మొన తగిలినట్టు ఆగిపోతోంది. సిస్టర్‌ను పిలిస్తే, "ఇంత పెద్ద ఆపరేషన్ అయ్యాక నొప్పి ఉండదా అమ్మా, కాస్త ఓర్చుకోండి" అని పారాసెటమాల్ సీసా తగిలించి వెళ్లింది. తరువాత ట్రమడాల్ ఇంజెక్షన్ ఇచ్చారు. దానికి వాంతులు మొదలయ్యాయి. వాంతి వచ్చిన ప్రతిసారీ కుట్లు తెగిపోతున్నాయనిపించి, ఇక ఆ మందు వద్దన్నాను.

ఆ సిస్టర్ మాటను నేను కాదనలేదు, ఎందుకంటే నేను కూడా అదే నమ్మేదాన్ని. మా అమ్మ మా నలుగురినీ ఇంట్లోనే కన్నది. పక్క గదిలో ఉన్నవాళ్లకు కూడా ఆమె మూలుగు వినపడలేదని మా మేనత్తలు ఇప్పటికీ గొప్పగా చెబుతారు. నొప్పిని నలుగురికీ చెప్పుకోకపోవడమే మర్యాద అని వింటూ పెరిగిన దాన్ని. పొద్దున రౌండ్లకు వచ్చిన పెద్ద డాక్టరు గారు "ఎలా ఉందమ్మా?" అని అడిగితే "పర్వాలేదండీ" అన్నాను. పక్కనే ఉన్న మా అక్క నా ముఖం చూసి ఏదో చెప్పబోతే కళ్లతోనే వారించాను. అలా ఒక రాత్రి, ఒక పగలు నేను దగ్గలేదు. దగ్గు వస్తే గొంతులోనే అణచుకుని, పైపైన చిన్న ఊపిర్లు తీస్తూ, కట్టెలా పడుకున్నాను. ఓర్చుకుంటున్నాననుకున్నాను.

మూడో రోజు సాయంత్రానికి జ్వరం 101 డిగ్రీలు దాటింది. ఎక్స్‌రే తీస్తే, మిగిలిన ఊపిరితిత్తిలో అడుగు భాగం సరిగా విచ్చుకోలేదని తేలింది. మర్నాటికి ఇలాగే ఉంటే గొంతులోంచి గొట్టం దించి కఫం లాగాల్సి వస్తుందన్నారు. ఆ రాత్రి మత్తు డాక్టరు గారు, ముప్పై అయిదేళ్ల లోపు అమ్మాయి, మంచం పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది.

"సున్నా నుంచి పది లోపు నొప్పి ఎంత ఉందమ్మా?"

"నాలుగు."

"కదలకుండా పడుకుంటే నాలుగు. ఇప్పుడు ఒక్కసారి దగ్గండి."

ప్రయత్నించాను. దగ్గు రాలేదు, కళ్ల నుంచి నీళ్లు మాత్రం వచ్చాయి.

"ఇప్పుడెంత?"

"తొమ్మిది."

"మాకు చెప్పాల్సింది ఈ తొమ్మిదమ్మా. మీకు హాయిగా ఉండాలని మాత్రమే మేం నొప్పి తగ్గించడం లేదు. మీరు దగ్గాలి. దగ్గకపోతే కఫం పేరుకుంటుంది, గాలి చేరని భాగం ముడుచుకుపోతుంది, అక్కడ న్యుమోనియా పడుతుంది. నొప్పి తగ్గడం కూడా మీ వైద్యంలో భాగమే."

ఆమె వెన్నుపూస పక్కన సూది గుచ్చి మరో సన్నని గొట్టం అమర్చి మందు ఎక్కించింది. అరగంట లోపే పక్క అంతా మొద్దుబారింది. మా అక్క ఇంటి నుంచి తెచ్చిన చిన్న బూరుగుదూది దిండును కోత మీద రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టుకోమన్నారు. ముందుకు వంగి, అద్దం మీద ఆవిరి ఊదినట్టు రెండుసార్లు "హా, హా" అని ఊది, మూడోసారి దగ్గమన్నారు. నాలుగో ప్రయత్నంలో లోపల ఏదో పెకలి వచ్చింది. పాత రక్తం కలిసిన, జిగురు ముద్దలాంటి నల్లని కఫం. దాన్ని చూసి మా అక్క ముఖం తిప్పుకోలేదు, చేతులు జోడించింది. మర్నాడు మధ్యాహ్నం నుంచి జ్వరం తగ్గుముఖం పట్టింది.

అప్పటి నుంచి దిండు నా ఒళ్లోంచి దిగలేదు. లేచినా, కూర్చున్నా, తుమ్ము వచ్చేలా ఉన్నా ముందు దాన్ని వెతుక్కునేదాన్ని. ఊపిరి పీల్చి బంతులు లేపే పరికరం ఒకటి ఇచ్చారు. అందులో మూడు గదులు, వాటి మీద 600, 900, 1200 అని అంకెలు. మొదటి రోజు మొదటి బంతి వణికింది గానీ లేవలేదు. నొప్పి ముదిరాక మాత్ర వేసుకోవడం మానేసి, ఫిజియోథెరపిస్టు వచ్చే ముప్పావు గంట ముందే వేసుకోవడం అలవాటు చేశారు. ఆ ఒక్క మార్పుతో అయిదో రోజుకు వరండా చివరి దాకా, సీసాలు చేత్తో పట్టుకుని, నడవగలిగాను.

ఒక రాత్రి, నల్లమందు నుంచి తీసే నొప్పి మందు మార్ఫిన్ కూడా కొద్దిగా ఇచ్చారు. మా తమ్ముడు భయపడి, అది అలవాటైపోతుందేమోనని అడిగాడు. అంత పెద్ద కోత నొప్పికి, తమ కళ్ల ముందు, కొద్ది రోజులు లెక్క ప్రకారం ఇచ్చే మందుకు అలా భయపడనక్కర లేదని డాక్టరు చెప్పింది. అయితే మలబద్ధకం మాత్రం తప్పదని, దానికీ ఆ రోజే మందు మొదలుపెట్టింది. మన దేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం షరతుల వల్ల మార్ఫిన్ ఉంచుకోవడమే ఆసుపత్రులకు కష్టంగా ఉండేదనీ, 2014లో చట్టాన్ని సవరించి కొంత సులువు చేశారనీ నాకు తరువాత తెలిసింది. ఆ మందు అందక, అదే నొప్పితో ఎన్ని ఊళ్లలో ఎంతమంది గోడ వైపు తిరిగి పడుకున్నారో తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఒక గొట్టాన్ని ఆరో రోజున, రెండోదాన్ని తొమ్మిదో రోజున తీశారు. గాలి నిండా పీల్చి బిగపట్టమని, ఒక్క ఊపున లాగి, ముందే వేసి ఉంచిన కుట్టును ముడి బిగించారు. మంట పది క్షణాల కంటే ఎక్కువ లేదు. ఆ వెంటనే నిండా తీసిన ఊపిరి అంత దూరం వెళ్లడం ఆపరేషన్ అయ్యాక అదే మొదటిసారి. కారులో మిర్యాలగూడ దాకా సీటు బెల్టుకూ పక్కకూ మధ్య దిండు పెట్టుకుని వచ్చాను. మావారు ప్రతి స్పీడు బ్రేకర్ దగ్గరా "వస్తోంది" అని ముందుగా చెబుతూ వచ్చారు.

ఇంటికి వచ్చాక కోత నొప్పి రోజురోజుకూ తగ్గింది. మూడో వారంలో మరొకటి మొదలైంది. వీపు నుంచి రొమ్ము కింది దాకా జానెడు వెడల్పు పట్టీలాగా చర్మం ఒకవైపు మొద్దుబారి ఉండేది, మరోవైపు దాన్ని జాకెట్టు కుట్టు తాకితే కారం రాసినట్టు భగ్గుమనేది. గట్టిగా నొక్కితే ఏమీ లేదు. మెత్తగా తాకితేనే మంట. ఫ్యాను గాలికి కూడా జివ్వుమనేది. మావారి పాత బనీనును తిరగేసి, కుట్లు బయటికి వచ్చేలా తొడుక్కునేదాన్ని. చూడవచ్చిన బంధువులు "కుట్లు మానిపోయాయిగా, ఇంకా నొప్పేమిటి?" అనేవారు. వాళ్లు ప్రేమతోనే అన్నారు గానీ, మానిన గాయం చూపించి నొప్పి ఉందని చెప్పడం, నిజం చెబుతూ కూడా నమ్మించలేకపోవడం, నన్ను ఆసుపత్రి రోజుల కంటే ఎక్కువ కుంగదీసింది. రాత్రుళ్లు పడక కుర్చీలో కూర్చునే నిద్రపోయేదాన్ని.

ఆరో వారం పరీక్షకు వెళ్లినప్పుడు ఈసారి "పర్వాలేదు" అనకూడదని ముందే ఒక కాగితం మీద రాసుకుని వెళ్లాను. ఇరవై రెండేళ్లుగా తెలుగు చెబుతున్న దాన్ని, నా నొప్పికి సరైన మాటలు వెతకడానికి రెండు రోజులు పట్టింది. ఆపరేషన్ అయిన వారం ఉన్నది పోటు: ఊపిరితో పాటు వచ్చి ఊపిరితో పాటు పోయేది. తరువాతి పది రోజులూ సలుపు: లోపల గడ్డ అదురుతున్నట్టు, రాత్రుళ్లు ఎక్కువ. భుజంలోది తీపు. ఇప్పుడు ఉన్నది వీటిలో ఏదీ కాదు, మంట. మధ్యమధ్య కరెంటు తగిలినట్టు జివ్వుమని లాగడం. డాక్టరు గారు ఆ కాగితం చివరిదాకా చదివి, కొంచెం దూదిని పేని నా పక్క మీద మెల్లగా రాశారు. నేను ఉలిక్కిపడ్డాను. నలిగిన నరం నుంచి వచ్చే నొప్పి ఇలాగే ఉంటుందనీ, మామూలు నొప్పి మాత్రలు దీనికి అంతగా పనిచేయవనీ చెప్పి, రాత్రిపూట ప్రెగాబాలిన్ 75 మిల్లీగ్రాములు, అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు రాశారు. ఛాతీ ఆపరేషన్ తరువాత రెండు నెలలు దాటినా మచ్చ వెంట నొప్పి ఉండిపోవడానికి వైద్యంలో ప్రత్యేకంగా పేరే ఉందని ఆయన అన్నప్పుడు, నా బాధ నేను కల్పించుకున్నది కాదని తెలిసి ఆయన ఎదుటే ఏడ్చాను.

మొదటి వారం ఆ మందులకు తల తిరిగేది, నోరు ఎండిపోయేది. మంట ఒక్కసారిగా పోలేదు. పదిహేను రోజులకు ఫ్యాను గాలి భరించగలిగాను, నెలన్నరకు జాకెట్టు. చెయ్యి పైకెత్తక భుజం బిగుసుకుపోతుందని గోడకు ఎదురుగా నిలబడి వేళ్లతో పైకి పాకించే కసరత్తు చెప్పారు. వంటింటి గుమ్మం పక్కన రోజూ వేళ్లు అందిన చోట మా అబ్బాయి పెన్సిల్‌తో గీత గీసి తేదీ వేసేవాడు. కొన్ని వారాలు గీతలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి, కొన్ని రోజులు కిందికి దిగాయి. సంక్రాంతి నాటికి పోపులడబ్బా అరను అందుకున్నాను.

ఊపిరిని మాత్రం నేను పద్యంతో కొలుచుకున్నాను. బడిలో పద్యాన్ని పాదం పాదంగా, ఒక్కో పాదం ఒక్క ఊపిరిలో చదివి వినిపించడం నాకు అలవాటు. డిసెంబరులో ఆటవెలది పాదం కూడా మధ్యలో తెగింది. జనవరి చివరికి శార్దూలం పంతొమ్మిది అక్షరాలూ అందాయి. ఉత్పలమాలకు ఇరవై, చంపకమాలకు ఇరవై ఒకటి కావాలి. సంస్కృత ఛందస్సులో యతి అంటే విశ్రాంతి స్థానం, మన తెలుగులో అక్షరమైత్రి స్థానం అని పిల్లలకు ఏటా చెబుతాను. ఆ నెలల్లో మాత్రం చంపకమాలలో పదకొండో అక్షరం దగ్గర నిజంగానే ఆగి ఊపిరి తీసుకున్నాను.

ఫిబ్రవరి మూడో వారంలో బడిలో చేరాను. ప్రెగాబాలిన్‌ను డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించి ఆగస్టులో ఆపేశాను. రొమ్ము కింద అరచేయంత చోటు ఇప్పటికీ మొద్దుబారే ఉంది, చలికాలపు ఉదయాల్లో మచ్చ లాగుతుంది. ఆ పూట పాఠానికి ముందు స్టాఫ్ రూములో కాసేపు పక్కను అదిమి పట్టుకుని కూర్చుంటాను. ఎవరైనా "నొప్పిగా ఉందా టీచర్?" అని అడిగితే, ఉందని చెబుతాను. బూరుగుదూది దిండును మా అక్క కొత్త గలేబు తొడిగి నా బల్ల సొరుగులో పెట్టింది. చంపకమాల పాదం ఒక్క ఊపిరిలో అందుతోంది.