గ్రూప్-2 ఎకానమీ: విదేశీ వాణిజ్య విధానాన్ని ఎర్రగడ్డ(ఉల్లి)తో మొదలుపెట్టండి

గ్రూప్-2 ఫలితాలు వచ్చినప్పటి నుంచి తిరుపతి రీడింగ్ రూముల్లో చదువుతున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ అడుగుతున్నది ఒకటే: మెయిన్స్ రెండో పేపర్‌లో విదేశీ వాణిజ్యం ఎలా చదవాలి? మొదటిసారి నాకు మార్కులు పోయిందీ, ఈసారి నన్ను నిలబెట్టిందీ ఆ చాప్టరే. మిగతా సిలబస్ మీకు తెలిసిందే కాబట్టి దాని గురించే రాస్తున్నాను.

టారిఫ్ (సుంకం), కోటా (పరిమాణ పరిమితి), కనీస ఎగుమతి ధర నిర్వచనాలన్నీ నాకు అప్పుడూ నోటికి వచ్చు. ఎవరు విధిస్తారు, ఏ చట్టం కింద అని అడిగితేనే తడబాటు. తప్పు జవాబుకు మూడో వంతు కోత ఉన్న పేపర్ ఇది.

కాబట్టి ముందు సంతకం ఎవరిదో చూడండి. సుంకం పెంచినా తగ్గించినా ఆర్థిక శాఖ. 1962 కస్టమ్స్ చట్టం, 1975 కస్టమ్స్ టారిఫ్ చట్టం. నిషేధం, కోటా, కనీస ఎగుమతి ధర అయితే వాణిజ్య శాఖ కింద ఉండే డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్). 1992 విదేశీ వాణిజ్య చట్టం. యాంటీ డంపింగ్ సుంకంలో (విదేశీ సరుకును మరీ చవగ్గా తెచ్చి కుమ్మరిస్తే వేసేది) ఎక్కువమంది పడిపోతారు. విచారించి సిఫార్సు చేసేది వాణిజ్య శాఖలోని డీజీటీఆర్ (వాణిజ్య పరిహారాల డైరెక్టరేట్ జనరల్), విధించేది ఆర్థిక శాఖ.

ఇప్పుడు ఎర్రగడ్డ తీసుకోండి. 2023 ఆగస్టులో 40 శాతం ఎగుమతి సుంకం. అక్టోబరు చివర్లో టన్నుకు 800 డాలర్ల కనీస ఎగుమతి ధర. డిసెంబరులో పూర్తి నిషేధం. 2024 మే నెలలో నిషేధం ఎత్తేసి 550 డాలర్ల కనీస ధర పెట్టారు, 40 శాతం సుంకం కూడా వేశారు. సెప్టెంబరులో కనీస ధర పోయింది, సుంకం 20కి దిగింది. 2025 ఏప్రిల్ 1 నుంచి ఆ సుంకమూ లేదు. ఒక్కో మెట్టు పక్కన ఆర్థిక శాఖా, డీజీఎఫ్‌టీనా అని మీరే రాయండి. కోటాకు ఉదాహరణ మన పక్కనే ఉంది: 2020లో ఉల్లి ఎగుమతి ఆపేసినప్పుడు కృష్ణాపురం ఉల్లికి 10,000 టన్నుల వరకు, అదీ చెన్నై పోర్టు నుంచే, అనుమతి ఇచ్చారు. గాట్ (సుంకాలు, వాణిజ్యంపై అంతర్జాతీయ ఒప్పందం) 11వ అధికరణ పరిమాణ ఆంక్షలు వద్దంటుంది కదా, మరి ఇదెలా అంటే, ఆహార కొరత వచ్చినప్పుడు తాత్కాలికంగా ఆపుకోవచ్చని అదే అధికరణ మినహాయింపు ఇస్తుంది.

బిట్ పేపర్‌కు ఇంత లోతు ఎందుకని కొందరు అన్నారు. లోతు లేకుండా రాసినప్పుడు ఏమైందో పైన చెప్పాను. రోజుకు ఒక్క వాణిజ్య నోటిఫికేషన్ చదవండి, పది నిమిషాలు, పండగైనా సరే. ఈ పని చేయని వారం మళ్లీ అవే తప్పులు వస్తాయి.

టారిఫ్ బొమ్మను అంకెలతో వేయండి. ప్రపంచ ధర 100, సుంకం 20 రూపాయలు. గిరాకీ 1000 నుంచి 800కి తగ్గింది, దేశీయ సరఫరా 400 నుంచి 500కి పెరిగింది. వినియోగదారుల నష్టం 18,000. ఉత్పత్తిదారుల లాభం 9,000. దిగుమతి 300 యూనిట్లు కాబట్టి ఖజానాకు 6,000. మిగిలిన 3,000 ఎవరికీ దక్కని నష్టం. దిగుమతి 600 అని వేసి ఖజానాకు 12,000 రాసేవాళ్లు చాలామంది; అది సుంకం పడకముందు పరిమాణం. అదే 300కి కోటా పెడితే ఆ 6,000 లైసెన్సు ఉన్నవాడి జేబులోకి పోతుంది, ప్రభుత్వం లైసెన్సులు వేలం వేస్తే తప్ప.

ఎగుమతి ప్రోత్సాహకాలు చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీతో సులభంగా గుర్తుంటాయి. ఎగుమతి చేసే గుజ్జు నింపడానికి సంచులు దిగుమతి చేసుకుంటే అడ్వాన్స్ ఆథరైజేషన్ (ముడిసరుకుకు సుంకం లేని దిగుమతి అనుమతి), కనీసం 15 శాతం విలువ జోడింపు. నింపే యంత్రం తెచ్చుకుంటే ఈపీసీజీ (యంత్రాలకు సుంకం లేని దిగుమతి పథకం), ఆదా అయిన సుంకానికి 6 రెట్లు ఎగుమతి 6 ఏళ్లలో చేయాలి. ఎంఈఐఎస్ (సరుకు ఎగుమతిదారులకు ఇచ్చిన పాత ప్రోత్సాహక పథకం) ఎందుకు పోయిందో కూడా చదవండి: 2019 అక్టోబరులో డబ్ల్యూటీఓ (ప్రపంచ వాణిజ్య సంస్థ) ప్యానెల్ దాన్ని నిషిద్ధ సబ్సిడీ అంది. 2021 జనవరి నుంచి వచ్చిన రోడ్‌టెప్ బహుమతి కాదు, వేరే దారిలో తిరిగిరాని పన్నుల వాపసు. శ్రీసిటీలో సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి), దేశీయ సుంక ప్రాంతం రెండూ ఉన్నాయి. సెజ్ యూనిట్ సరుకు దేశంలో అమ్మితే కస్టమ్స్ సుంకం కట్టాలి.

అడవుల ఎర్రచందనం ఎగుమతి నిషిద్ధం, అయినా పట్టుబడ్డ దుంగలను డీజీఎఫ్‌టీ ప్రత్యేక అనుమతితో ప్రభుత్వం విదేశాలకు అమ్ముతుంది. ఇక్కడ మినహాయింపు గాట్ 20వ అధికరణది (ప్రకృతి వనరుల రక్షణ), ఉల్లికి రాసిన 11ను ఇక్కడ రాయకండి. 2025 జూన్‌లో పక్క రాష్ట్రాల తోతాపురి మామిడిని చిత్తూరు జిల్లాలోకి రానివ్వకపోవడం మాత్రం ఈ చాప్టర్‌లోకే రాదు. అది రాజ్యాంగం 301 నుంచి 304 అధికరణల్లో, పాలిటీ పేపర్‌లో చదువుకోవాలి.