మూత్రంలో ఇన్‌ఫెక్షన్, మాటల్లో సంధి

నిన్న రాత్రి దాకా నిక్షేపంగా ఉన్న పెద్దావిడ తెల్లారేసరికి సొంత కూతుర్ని పట్టుకుని "ఎవరమ్మా నువ్వు?" అంటుంది. గోడవైపు చూస్తూ ఎవరినో పిలుస్తుంది. ఇంట్లోవాళ్లకి వెంటనే తోచేది మతిమరుపు జబ్బు. మంచం పక్కన ఉండి చూసుకునే మేం మాత్రం ముందు అడిగేది ఒక్కటే: ఎప్పటినుంచి? మతిమరుపు జబ్బు నెలల మీద, ఏళ్ల మీద ముదురుతుంది. గంటల్లోనో, ఒకట్రెండు రోజుల్లోనో దిగితే అది సంధి, డాక్టర్ల మాటలో డెలీరియం. పొద్దున తేరుకున్నట్టుండి సాయంత్రానికి మళ్లీ తిరగబెట్టడం దాని తీరు. నెలల పేర్లు డిసెంబరు నుంచి వెనక్కి చెప్పమనండి. రోజూ చెప్పగలిగిన మనిషి అక్టోబరు దగ్గరే ఆగిపోతే ధ్యాస నిలవడం లేదన్నమాట.

కేకలు పెట్టి, లేచి పరుగెత్తేవాళ్లని అందరూ గమనిస్తారు. మాకు ఎక్కువ భయం రెండో రకమంటేనే. రోజంతా మగతగా పడుకుంటారు, పిలిస్తే సగం మాట పలుకుతారు, నీళ్లడగరు. "నీరసంగా ఉన్నట్టుంది, పడుకోనీ" అని వదిలేస్తే రెండు రోజులు పోతాయి.

ఇక పరీక్షల సంగతి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వల్ల సంధి రావొచ్చు, నిజమే. కానీ పెద్దవాళ్లు తికమకపడితే చాలు, యూరిన్ ఇన్‌ఫెక్షనే అని తేల్చేయడం బాగా అలవాటైపోయింది. 65 దాటినవాళ్లలో, ముఖ్యంగా ఆడవాళ్లలో, ఏ బాధా లేకుండానే మూత్రంలో బ్యాక్టీరియా ఉండొచ్చు. మూత్రం బయటికి తీసే గొట్టం (కెథెటర్) చాన్నాళ్లుగా ఉంటే దాదాపు అందరికీ ఉంటుంది. కాబట్టి మూత్రంలో ముంచి చూసే స్ట్రిప్ పాజిటివ్ వచ్చిందనో, మూత్రం వాసన వేస్తోందనో మందు మొదలుపెట్టకూడదు. మంట, మాటిమాటికీ వెళ్లాల్సిరావడం, పొత్తికడుపులోనో నడుము పక్కనో నొప్పి, జ్వరం, చలి, కొత్తగా పక్కలో పోసుకోవడం లాంటివి తోడై ఉండాలి. ఈ వయసులో ఇన్‌ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చన్నదీ నిజమే. ఇలాంటి గుర్తులేవీ లేకుండా తికమక ఒక్కటే ఉంటే, వేరే కారణాలు వెతుకుతూ జాగ్రత్తగా గమనించమని అమెరికా అంటువ్యాధుల నిపుణుల సంఘం 2019లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. సోడియం, షుగర్, ఆక్సిజన్ చూడాలి. మలబద్ధకం ఉందా, మూత్రం బిగబట్టిందా, కొత్తగా నిద్రమాత్రో జలుబు మాత్రో వేశారా అడగాలి. మా అనుభవంలో ఎక్కువగా మరిచిపోయేది ఆ మాత్రల సంచీని చూడటం.

శాంపిల్ యాంటీబయాటిక్ మొదటి డోసుకు ముందే తీయాలి. మొదటి ధార వదిలేసి మధ్య ధార పట్టాలి. డయపర్ నుంచి పిండింది పనికిరాదు. రెండు గంటల్లో ల్యాబ్‌కు చేరదనుకుంటే ఫ్రిజ్‌లో పెట్టాలి, లేకపోతే సీసాలోనే బ్యాక్టీరియా పెరిగి కల్చర్ (ల్యాబ్‌లో బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) తప్పు చెబుతుంది. ఫలితానికి రెండు మూడు రోజులు పడుతుంది. మనిషి బాగోలేకపోతే ఆలోగానే మందు మొదలుపెట్టి, కల్చర్ వచ్చాక అవసరమైతే మారుస్తారు. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడకుండా నైట్రోఫ్యూరంటోయిన్ అనే యాంటీబయాటిక్ ఇవ్వకూడదు, కిడ్నీ పనితీరు బాగా తగ్గి ఉంటే అది మూత్రంలోకి సరిగా చేరదు. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివైతే వాటివల్లే తికమక పెరగొచ్చు. వణుకు, ఆయాసం, బీపీ పడిపోవడం, మూత్రం బాగా తగ్గిపోవడం కనిపిస్తే కల్చర్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

మంట రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. మనసు అంత త్వరగా దారికి రాదు. కోర్సు అయిపోయినా మాట కుదురుకోలేదని రెండో యాంటీబయాటిక్ అడుగుతారు. చాలాసార్లు అక్కడ కావాల్సింది మందు కాదు. కళ్లజోడు, చెవి మెషీన్ పెట్టాలి. ఎదురుగా గడియారం, పగలు వెలుతురు, రాత్రి చీకటి ఉండాలి. లేచి కూర్చోబెట్టాలి, పట్టుకుని నడిపించాలి. గుండె, కిడ్నీ జబ్బులవల్ల డాక్టరు కట్టడి చేయకపోతే రోజుకు లీటరున్నర దాకా ద్రవాలు, ఒక్కసారిగా కాకుండా గుక్కగుక్కగా ఇవ్వాలి. చేతులు కట్టేస్తే సంధి ముదురుతుంది. లేనిది కనబడుతోందంటే వాదించొద్దు, "అవునవును" అనీ అనొద్దు. "నేనున్నాను, భయం లేదు" అంటే చాలు.

తగ్గాక మూత్రం మళ్లీ పరీక్ష చేయించాలన్న తొందర చాలామందికి ఉంటుంది. లక్షణాలు లేకపోతే అవసరం లేదు. మళ్లీమళ్లీ వస్తుంటే మాత్రం పోసాక మూత్రసంచిలో ఎంత మిగులుతోందో స్కాన్‌లో చూడాలి. మగవాళ్లలో ప్రొస్టేట్ సంగతి తేల్చాలి. ముట్లుడిగిన ఆడవాళ్లకు యోనిలో రాసే ఈస్ట్రోజెన్ క్రీము ఉపయోగపడుతుంది, డాక్టర్ని అడగండి.

పూర్తిగా తేరుకోవడానికి కొందరికి వారాలు, కొందరికి నెలలు పడుతుంది. సంధిలో తిట్టినవి, చూసినవి ముక్కలుముక్కలుగా గుర్తొచ్చి కొందరు సిగ్గుతో ముడుచుకుపోతారు. అది జబ్బు చేసిన పనేనని వాళ్లకి విడమరిచి చెప్పాలి. కొన్ని నెలలైనా పాత మనిషి కనబడకపోతే అప్పుడు జ్ఞాపకశక్తి పరీక్షలకు తీసుకెళ్లాలి. సంధి నడుస్తుండగా ఆ పరీక్ష చేయిస్తే, లేని మతిమరుపు జబ్బు పేరు ఫైల్లో ఎక్కి కూర్చుంటుంది.