పచ్చ నీళ్ళు

పదకొండైంది, నిద్ర రావడం లేదు, కారణం చెప్తే నవ్వుతారు. హాల్లో చేపల గాజు తొట్టి నీళ్ళు పచ్చబడ్డాయి. పోయిన వారం గులకరాళ్ళు లెక్కపెట్టేంత తేటగా ఉన్నవి ఇప్పుడు గోరింటాకు కడిగిన నీళ్ళలా ఉన్నాయి. గప్పీలు రెండూ అద్దానికి ఆనుకుంటేనే కనపడతాయి.

అంతా మా ఆయన చలవే. తిరుచానూరు దర్శనానికి చుట్టాలొస్తున్నారని నన్నడక్కుండా నీళ్ళన్నీ పారబోసి, రాళ్ళని గిన్నెల పీచుతో తోమి, తొట్టిని నేరుగా కుళాయి కింద పెట్టేశారు. "చూడు, ఎట్లా మెరస్తా ఉందో!" అట. రాళ్ళ మీది ఆ జిగురు మురికి కాదు మహానుభావా, చేపల రెట్టలోని అమ్మోనియాని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా కాపురముండేది అక్కడే, అది కుదురుకోవడానికి నెలన్నర పట్టింది నాకు. వారానికి పావు వంతు నీళ్ళే మార్చాలి, అవీ ముందురోజు బకెట్లో పట్టి మూతలేకుండా పెడితే క్లోరిన్ పోతుంది అని ఫ్రిజ్ మీద చీటీ అంటించి మరీ పెట్టాను. రోజుకి పదిసార్లు ఫ్రిజ్ తెరిచే మనిషికి ఫ్రిజ్ తలుపు మాత్రం కనపడదు!

ఆ కోపంలోనే అవ్వ గుర్తొచ్చింది. పుత్తూరు దగ్గర మా ఊళ్ళో వానపడితే చెరువు నీళ్ళు ఎర్రగా వచ్చేవి. అవ్వ కొంగు ముడి విప్పి చిల్లగింజ తీసి, కడవ లోపల కాసిని నీళ్ళు చల్లి గరగరా అరగదీసేది, ఆ చప్పుడు తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు జివ్వుమంటాయి. ఆపైన నీళ్ళు పోసి, "కదిలించొద్దు అమ్మణ్ణీ" అని మూతపెట్టేది. తెల్లారేసరికి మడ్డంతా అడుక్కి దిగి, పైనీళ్ళలో నా మొహం కనపడేది. గింజ అరిగి అరిగి ఒకవైపు పలకలా అయినా పారేసేది కాదు.

రేపు గాంధీ రోడ్డులో చిల్లగింజలు దొరుకుతాయేమో చూద్దామనుకున్నా. కానీ మట్టి వేరు, నాచు వేరు కదా. మట్టిని గింజ పట్టి కిందికి దించుతుంది. నాచుకి ప్రాణముంది, వెలుగూ ఎరువూ దొరికినన్నాళ్ళు పుడుతూనే ఉంటుంది.

వెలుగు అనగానే గుర్తొచ్చింది, తొట్టిని తూర్పు కిటికీ పక్కకి జరిపింది నేనే. ఫోటోలు బాగా వస్తాయని. పైన తేలే అంతరతామరలు సగం తీసి పక్కింటావిడకి ఇచ్చిందీ నేనే, అవి ఉంటే నీడా ఉండేది, నీళ్ళలోని ఎరువూ అవే లాగేసుకునేవి. ఇది ఆయనకి చెప్పాలా? చెప్పను. చెప్పినా రాళ్ళు తోమడం ఒప్పయిపోదు.

ఇప్పుడే నాలుగు మగ్గుల నీళ్ళు తోడి, తొట్టిని మెల్లగా షూ రాక్ వైపుకి ఈడ్చాను. తొట్టి నీళ్ళలో పెట్టిన మనీప్లాంట్ కణుపు దగ్గర తెల్లగా, దారమంత కొత్త వేరు ఒకటి వచ్చింది. లోపల్నించి ఆయన "ఏం చప్పుడది?" అన్నారు.

పిల్లి అన్నాను.