అంకెకూ అంకెకూ మధ్య ఒక సెకను

పొద్దున్నే అద్దం ముందు కూర్చుని అంకెలు చదివాను. విన్న అంకెలను అదే వరుసలో తిరిగి చెప్పమనే జ్ఞాపక పరీక్షకు ఇది నా సాధన. చేతిలో స్టాప్‌వాచ్. సెకనుకు ఒక అంకె చొప్పున, అన్నీ ఒకే గొంతుతో, ఎక్కడా విరుపు లేకుండా చదవాలి. వింటే ఇంత తేలిక పని మరొకటి లేదనిపిస్తుంది. సెకను ఎంత పొడవుంటుందో అలా చదివినప్పుడే తెలుస్తుంది. నాలుక ఊరుకోదు. ఫోను నంబర్లు చెప్పే అలవాటు కొద్దీ మూడేసి అంకెలను ఒక ముద్దగా పలికేస్తుంది.

అలా పలికితే పరీక్ష చెడిపోయినట్టే. మనం ఒకసారి విని మనసులో నిలుపుకోగలిగేవి ఇంచుమించు ఏడు, ఒకటి రెండు అటూ ఇటూగా, అని మనస్తత్వవేత్త జార్జ్ మిల్లర్ 1956లో రాశాడు. ఆయన ఏడు అన్నది విడి అంకెలను కాదు, గుత్తులను. నాలుగైదు అంకెలను ఒక గుత్తిగా కట్టుకుంటే మనసుకు అది ఒక్కటే. గుత్తులు కట్టుకునే వీలు లేకుండా చేస్తే నిలిచేవి నాలుగేనని మరో మనస్తత్వవేత్త నెల్సన్ కోవన్ 2001లో వాదించాడు. అంటే నా గొంతు అంకెలను గుత్తులు కట్టి అందించిందా, నేను కొలిచేది ఎదుటివారి జ్ఞాపకాన్ని కాదు, వారికి నేను చేసిన సాయాన్ని.

సైకాలజీ మాస్టర్స్‌లో చేరినప్పుడు మనుషుల గురించి చాలా తెలుసుకుంటానని అనుకున్నాను. తెలుసుకుంటున్నాను కూడా. కానీ ఈ రెండో సెమిస్టరులో ఎక్కువ రోజులు గడిచింది నా ముఖాన్ని, నా గొంతును, నా తొందరను గమనించుకోవడంలోనే.

ఇంతవరకు పరీక్షలన్నీ తోటి విద్యార్థుల మీదే చేశాను. ఈ రోజు మొదటిసారి బయటి మనిషి వచ్చారు. అరవై దాటిన ఆవిడ, మాకు సాయంగా ఉంటుందని తనంతట తాను ఒప్పుకొని వచ్చారు. పేరు రాయను, పరీక్షలోని అంకెలూ రాయను. రెండూ బయటపెట్టకూడనివని మాకు మొదటి వారంలోనే చెప్పారు. సమ్మతి పత్రం చదివి వినిపించాను. ఇది నా శిక్షణ కోసమేనని, ఎప్పుడు ఆపాలనిపించినా ఆపేయవచ్చని చెప్పాను. ఆవిడ తల ఊపి సంతకం చేశారు. కళ్లజోడు తీసి ఒళ్లో పెట్టుకున్నారు, వినడానికి అది అడ్డమన్నట్టు.

ఐదు అంకెల దాకా సునాయాసంగా చెప్పారు. ఆరు దగ్గర కళ్లు మూసుకున్నారు. కుర్చీ చేతి మీద కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటిగా ఆనుతున్నాయి, ఒక్కో అంకెకు ఒక్కో వేలు. ఐదు వేళ్లూ అయిపోయాక ఒక క్షణం తడబడి, మళ్లీ బొటనవేలికి వచ్చి ఆరో అంకె చెప్పారు. సరైనదే. లోపల ఎంత సంతోషం కలిగిందో! ఆ సంతోషం ముఖం మీదికి రాకుండా పెన్ను వైపు చూస్తూ ఉండిపోయాను.

ఇక్కడే నాకు హాన్స్ గుర్తొస్తుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో లెక్కలు చేస్తుందని పేరు పడ్డ గుర్రం అది. కూడికకు జవాబు గిట్టతో తట్టి చెప్పేది. ఆస్కర్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు ఓపికగా పరీక్షించి 1907లో అసలు సంగతి బయటపెట్టాడు. సరైన లెక్కకు గిట్ట చేరగానే, అడిగే మనిషి తల తనకు తెలియకుండానే కాస్త పైకి కదిలేది. గుర్రం ఆ కదలికను చూసి ఆగేది. అడిగేవాడికే జవాబు తెలియకపోతే హాన్స్‌కూ తెలియదు. ఈ కథలో నన్ను పట్టుకున్న సంగతి మరొకటుంది. ఇంత కనిపెట్టిన ఫుంగ్‌స్ట్ కూడా తన తల కదలకుండా ఆపుకోవడానికి తంటాలు పడ్డాడు. తెలిసినంత మాత్రాన ఒళ్లు మాట వినదు.

ఏడు అంకెల వరుస మొదటిసారి తప్పింది. ఆవిడ కళ్లు తెరిచి నా ముఖంలోకి చూశారు. "తప్పు చెప్పానా తల్లీ?"

అవుననీ కాదనీ చెప్పకూడదు. "బాగానే చేస్తున్నారండీ, తర్వాతది చదువుతాను," అన్నాను. అదీ అనాల్సిన మాట కాదేమో. రెండోసారీ ఏడు తప్పింది. ఒకే పొడవున్న రెండు వరుసలూ తప్పితే అక్కడితో ఆపాలి, ఆపాను. కాగితాలు సర్దుతుంటే ఆవిడ అడిగారు, "నాకు మతిమరుపు వస్తోందంటావా? ఈమధ్య మా చెల్లెలు..."

నేను అందుకున్నాను. ఇది శిక్షణ కోసం చేసిందని, ఒక్క పరీక్షతో ఎవరూ ఏదీ తేల్చరని, అనుమానముంటే డాక్టరును కలవడం మంచిదని చెప్పాను. అన్నీ నిజాలే. గడగడా చెప్పాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని "సరేనమ్మా" అని వెళ్లారు.

మధ్యాహ్నం గణాంకశాస్త్రం. తలకెక్కలేదు, రేపు స్నేహితురాలి నోట్సు చూసుకోవాలి. క్లాసు జరుగుతున్నంతసేపూ ఒకటే ఆలోచన. ఆరు అంకెలంటే కంగారుపడాల్సిన సంఖ్య కానే కాదు, ఆ ఒక్క మాట చెప్పి ఉంటే ఆవిడ తేలికపడేవారు కదా అని. ఫలితం విప్పి చెప్పే అర్హత నాకింకా లేదు, అది వేరే సంగతి. గ్రంథాలయంలో హెన్రీ మొలైసన్ గురించి మళ్లీ చదివాక ఆ ఆలోచన మరో దారి పట్టింది. మూర్ఛలు తగ్గడానికి 1953లో ఆయన మెదడుకు శస్త్రచికిత్స చేశారు. ఆ తర్వాత కొత్త సంగతులేవీ ఆయనకు గుర్తుండేవి కావు. కాసేపటి క్రితం కలిసిన మనిషిని మళ్లీ కొత్తగా పలకరించేవారు. అయినా అంకెలు విని వెంటనే తిరిగి చెప్పడంలో మాత్రం ఆయన అందరిలాగే చెప్పగలిగేవారు. అంత మరుపునూ ఈ పరీక్ష పట్టుకోలేదు. అలాంటప్పుడు ఆవిడ అడిగిన ప్రశ్నకు నా ఆరు జవాబు ఎలా అవుతుంది? ధైర్యం చెప్పడానికీ భయపెట్టడానికీ కూడా అది పనికిరాదు. చెప్పకపోవడమే మంచిదైంది. మరి మనసులో ఈ ముల్లు ఏమిటో అప్పటికి అర్థం కాలేదు.

సాయంత్రం తెలిసింది. కౌన్సెలింగ్ పేపరులో వినడం సాధన చేయిస్తారు. ఇద్దరిద్దరుగా కూర్చోవాలి, ఒకరు పది నిమిషాలు మాట్లాడతారు, ఇంకొకరు వింటారు. దాన్ని రికార్డు చేసి మాట మాటా కాగితం మీద పెట్టాలి. వినేవారికి ఉండాలని మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1957లో చెప్పిన సహానుభూతి, షరతులు లేని ఆదరణ, కల్లాకపటం లేకపోవడం, ఈ మూడింటి మీద పరీక్షలో నాలుగు పేజీలు రాయగలను. పోయినవారం నేను విన్న పది నిమిషాల కాగితాన్ని మేడమ్ ఈ రోజు తిరిగి ఇచ్చారు. పెన్సిలుతో ఒకే ఒక్క చోట గీత గీశారు. నా స్నేహితురాలు "ఇంటికి ఫోను చేయాలంటేనే నాకు..." అంటుండగా నేను "అయితే ఒకసారి ఉత్తరం రాసి చూడు" అన్నాను. వాక్యం పూర్తి కాలేదు. నాకు దొరికిన సలహా పోతుందేమోనన్నట్టు ఇచ్చేశాను. గీత పక్కన మేడమ్ రాసింది రెండే మాటలు. "నాకు... ఏమిటి?"

ఆ కాగితం పట్టుకుని చాలాసేపు నిలబడిపోయాను. "ఈమధ్య మా చెల్లెలు..." పొద్దున ఆవిడ కూడా అక్కడే ఆగారు. ఆగలేదు, నేనే ఆపాను. పరీక్ష జరుగుతున్నప్పుడు నోరు కట్టుకుని కూర్చోవడం ఇన్ని రోజులు సాధన చేశాను. పరీక్ష అయిపోయాక, ఎవరూ కొలవని చోట, అవసరమైన ఒక్క సెకను ఆగలేకపోయాను. ఆ చెల్లెలికి ఏమైంది? మతిమరుపు వచ్చింది ఆ చెల్లెలికా? ఏడు అంకెలు తప్పినప్పుడు ఆవిడ నా ముఖంలో వెతికింది అదేనా? ఊహించుకుంటూ పోవడం కూడా ఒక రకంగా ఆవిడ వాక్యాన్ని నేనే పూర్తి చేయడం, అందుకని ఇక్కడితో ఆపుతున్నాను.

మేడమ్‌తో అంతా చెప్పాను. కోప్పడలేదు. పరీక్షలో రేపటికి మిగిలిన భాగం అయ్యాక ఆ చెల్లెలి సంగతి ఆవిడను అడగమన్నారు, ముందు అడిగితే ఆ కలత అంకెల్లోకి వస్తుందని. డాక్టరు సంగతి అవసరమైతే తాను స్వయంగా మాట్లాడతానన్నారు.

రాత్రి రికార్డు రాశాను. పరిశీలనలు అన్న గడిలో కళ్లు మూసుకోవడం, వేళ్లతో లెక్కించుకోవడం, ఆరో అంకెకు మళ్లీ బొటనవేలికి రావడం, నేను "బాగానే చేస్తున్నారు" అన్న పొరపాటు, అన్నీ పెట్టాను.

విన్న అంకెలను వెనక నుంచి ముందుకు చెప్పే భాగం మిగిలి ఉంది. రేపు పదింటికి ఆవిడ మళ్లీ వస్తారు. పని ఇరవై నిమిషాలదే. గది మాత్రం పదకొండున్నర వరకు రాయించుకున్నాను.