గుంతకల్లులో మూడు గంటలు

బండి మూడు గంటలు ఆలస్యమని తెలిశాక ప్లాట్‌ఫారం మీద కూర్చోబుద్ధి కాలేదు. బయట కొట్టులో ఉగ్గాని, బజ్జీ తిన్నాను. 40 రూపాయలు! నానబెట్టి పిండిన బొరుగులకు పోపు పెట్టినందుకు ఇంత ధరా అని సణుక్కున్నాను. అయితే బజ్జీలో మిరపకాయ గింజ తీయకుండా వేశాడు మహానుభావుడు. కళ్ళలో నీళ్ళు తిరిగేసరికి ధర సంగతి మరిచిపోయాను.

మంట తగ్గేదాకా నడుద్దామని రైల్వే కాలనీ వైపు వెళ్ళాను. పదకొండు గంటల ఎండ. వరుసగా క్వార్టర్లు, ఒక్క ఇంట్లోనూ టీవీ మోగడం లేదు. ఫోనులో కాస్త గట్టిగా మాట్లాడానో లేదో, ఒకావిడ గుమ్మంలోకి వచ్చి, "అన్నా, మెల్లగా. రాత్రి డ్యూటీ దిగి ఇప్పుడే పడుకున్నారు" అంది. నేను దొంగలా ఫోను జేబులో పెట్టుకున్నాను.

ఇదంతా చూస్తున్న పెద్దాయన ఒకరు నవ్వి, అరుగు మీద చోటు చూపించారు. బొగ్గు ఇంజన్ల కాలంలో షెడ్డులో కలాసీగా, అంటే చిన్న పనివాడిగా చేరి, డీజిల్ బండి నడిపి రిటైరయ్యారట. ఆ రోజుల్లో ఇళ్ళలో ఫోన్లెక్కడివి? అర్ధరాత్రి డ్యూటీకి పిలవడానికి కాల్ బాయ్ వచ్చి తలుపు కొట్టి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని పోయేవాడు. "ఆ చప్పుడుకు పిల్లలు కదిలేవాళ్ళు కూడా కాదు. మా ఆవిడ మాత్రం లేచి క్యారియర్ కట్టేది." 1956లో ఏర్పడిన గుంతకల్లు డివిజన్‌ను 1977లో దక్షిణ రైల్వే నుంచి తీసి దక్షిణ మధ్య రైల్వేలో కలిపారు. "మేము ఇల్లు కదలలేదు నాయనా, రైల్వేనే మారింది!"

నాకు గుంతకల్లంటే చిన్న బండి దిగి పెద్ద బండికి పరుగెత్తడమే. కర్నూలు నుంచి మీటర్ గేజ్ మీద వచ్చేవాళ్ళం. నాన్న నెత్తిన ట్రంకుపెట్టె, నా చేతిలో నీళ్ళ కూజా. స్టేషను బయట ఊరుందని కూడా తోచేది కాదు.

హంపన్న పేరు విన్నదీ ఆ పెద్దాయన నోటే. రైల్వే గేటు కాపలాదారు. 1893 అక్టోబరు 4న తెల్ల సిపాయిలు ఇద్దరు ఆడవాళ్ళ వెంటపడితే, వాళ్ళను కాపాడబోయి అడ్డం నిలబడ్డాడు. గుండు పొట్టలో దిగింది. కాల్చినవాడు కోర్టులో నిర్దోషిగా బయటపడ్డాడు. హంపన్న పేరుతో జనం చందాలు వేసుకుని ఒక రాయి నిలబెట్టారు.

ఇంకా గంట టైముంది, చూసి వద్దామని ఆటో ఆపాను. "హంపన్న రాయి దగ్గరికి పోవాలి" అన్నాను.

కుర్రాడు వెనక్కి కూడా తిరగలేదు. "కసాపురం ఆంజనేయస్వామి గుడికే కదా సార్? నూట యాభై."